దాడి

మా తాత ఇంటి పేరు గడ్డం.
ప్రాణహిత దాటి సిరోంచల దిగినంక
కచేరి గుమస్తా వెనక ఒక తోక తగిలిచ్చిండు: గడ్డంవార్.
మరాఠీల గడ్డాన్ని దాఢీ అంటరు.
అదే మాట నది అవతల అంటే
ఎవరో ఎవరి మీదనో పడ్డట్టు.

ఇయ్యాల పొద్దుగాల నాకు రెండర్థాలూ అయినయ్.

రిటైరైన నాడు ఎస్టీ డిపోల
శాలువా కప్పిన్రు, కొబ్బరికాయ చేతుల పెట్టిన్రు.
మారోతి నక్షిణే మాత్రం
పాత ధోతి పేలికల చుట్టి మంగలకత్తి తెచ్చిండు.
"నీ ముఖం నాకు మబ్బు లెక్క కనబడుతున్నది పోచన్నా,
ఇగ నీది నువ్వే గీసుకో."
రెండు కండ్లల్ల తెల్లపొర.
దుకాణంల ఇప్పుడు కొడుకు ఫోన్లు బాగుచేస్తడు.

చాకలి కొత్త, మంగలి పాత అని మా అమ్మ అంటుండె.
ఇంత పాత అయితడని చెప్పలే.

రేకు తలుపు గొళ్ళానికి అద్దం తగిలిచ్చిన.
చాయ గిలాసల సబ్బు నురగ.
నూనె డబ్బా బోర్లేసుకొని కూసున్నడు మారోతి,
ముఖం నా దిక్కు కాదు, గోడ దిక్కు.
"చూసేదేమున్నది, వింట."

ముందుగాల తోలుపట్టీ.
వెన్ను ముందు పోవాలె, వాదర వెనక రావాలె.
నేను ఉల్టా లాగిన.
ఆ ఒక్క చప్పుడుకే పండ్లు కొరికిండు:
"కోసినవ్ గద. మా బాపుది ఆ తోలు."

కణత కాడ కత్తి ఆనిచ్చిన.
సల్లగుంది. బరువే లేదు.
ఇంత తేలికైన దానికి ఇంత భయమా అనిపిచ్చింది.
ఒక జానెడు దిగంగనే గోడ దిక్కు నుంచి:
"ఆగు. అది రేకు మీద కోడి నడిచినట్టున్నది.
ఎండు టేకాకు మీద చినుకు మొదలైతే
ఎట్లుంటదో, అట్ల రావాలె.
కత్తిని పండబెట్టు. ఇంకొంచెం. హళూ, హళూ."

పండబెట్టిన.
వచ్చింది ఆ చినుకు, రెండంటే రెండు సార్లు.
మారోతి తల ఊపిండు. నాకు జీతం పెరిగినట్టయింది.

తర్వాత గొంతు.

ముప్పై రెండేండ్లు ప్రతి ఆదివారం
ఈ గొంతు ఎత్తి ఆయన చేతుల పెట్టిన.
అహేరి గతుకుల్లల్ల లేని నిద్ర
ఆ కుర్చీల పట్టేది, నోరు తెరుచుకొని, గురక పెట్టుకుంట.
ఇయ్యాల అదే గొంతు, అదే కత్తి,
మధ్యల నా చెయ్యొక్కటే కొత్తది.
నా గొంతును నాకు అప్పజెప్పాలంటే
నాకే నమ్మకం లేదు.

గుటక మింగిన. అదే తప్పు.
నురగల ఎర్రటి సన్న గీత,
టికెట్ చింపినట్టు.

"తాకిందా?"
"లేదు."
పటిక బిళ్ళ నీళ్ళల్ల ముంచిన శబ్దం విని
మారోతి ఏం అనలే.
చుర్రుమన్నది. నేనూ ఏం అనలే.

ఎడమ చెంపకు ఎడమ చెయ్యి అన్నడు.
ఆ చెయ్యి ఇన్నేండ్లు బస్సు రాడ్డు పట్టుకున్న చెయ్యి,
దానికి గట్టిగ పట్టుడే వస్తది,
ఈ కత్తికేమో సగం వదిలి పట్టాలె.
మూడు సార్లు ఎత్తిన, మూడు సార్లు దించిన.
నురగ ఎండి పెళుసుగ రాలింది.

"ఎడమది రేపు," అన్న.
"రేపు," అన్నడు,
లేచి, బుజం మీది తువ్వాల అలవాటుగ దులిపి,
అలవాటుగనే చెయ్యి చాపి, మళ్ళ ఎనక్కి తీసుకున్నడు.
నా చెయ్యి అప్పటికే జేబుల ఉన్నది.

సగం గడ్డంతోని ఇంటిదాక దిగబెట్టి వచ్చిన.
బజార్ల పోరగాండ్లు ఆగి ఆగి చూసిన్రు.
"ఎవలన్న నవ్విన్రా?" అని అడిగిండు.
ఎవలూ నవ్వలే అన్న.

ఈ గొంతు అబద్ధమాడితే
ఎక్కడ కదుల్తదో
ఆయన బొటనవేలుకు తెలుసు.